ఎనిమిదో డ్రమ్ము

నాకు కుళ్లు ఎక్కువ. ఈ మాట ఇంకెవరైనా అంటే ఊరుకోను గానీ, నా అంతట నేను ఒప్పుకోవడానికి ఇప్పుడు మొహమాటం లేదు. చిన్నప్పుడు పక్కింటి పిల్లకి కొత్త గౌను కుట్టిస్తే నాకు అన్నం సయించేది కాదని మా అమ్మ వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్వేది. గౌను మీద కుళ్లు ఓ పూటలో పోతుంది. దీవి మీద పుట్టిన కుళ్లు మాత్రం నన్ను ఐదు నెలలు పీక్కు తింది. చివరికి దాని ఫలితం అనుభవించింది నేను కూడా కాదు, మా అమ్మ.

నేను నరసరావుపేటలో ఓ ప్రైవేటు డిగ్రీ కాలేజీలో బోటనీ చెబుతాను. ఏటా అదే సిలబస్, అదే మందారపువ్వు, బ్లేడుతో అవే అడ్డకోతలు. నాకు అన్నిటికంటే ఇష్టమైన పాఠం మడ చెట్లది. ఉప్పునీళ్ల బురదలో పెరిగే ఆ చెట్లకు గింజ కొమ్మకు ఉండగానే మొలకెత్తుతుంది. మూరెడు మొలక వేలాడి వేలాడి, ఓ రోజు ఊడి, బురదలో నిలువుగా దిగబడుతుంది. పదిహేనేళ్లుగా ఈ పాఠం చేతులు ఊపుకుంటూ చెబుతున్నాను. నేను చూసింది మాత్రం మా ల్యాబులో స్పిరిట్ సీసాలో వెలిసిపోయి ఉన్న ఒకే ఒక్క మొలక. దివిసీమకు పోతే కనిపిస్తాయంటారు. పోలేదు. పోదాం పోదాం అనుకుంటూ ఉండిపోవడం నాకు బాగా చేతనవును.

నా స్నేహితురాలికి అది చేతకాదు. గురజాల హాస్టల్లో ఇద్దరిదీ ఒకే గది, కాలేజీలో ఒకే బెంచీ. నా రికార్డు చూసి బొమ్మలు గీసుకున్న మనిషి. డిగ్రీ, పీజీ అయ్యాక ఇద్దరికీ ఒకేచోట పరిశోధన సీటుకు ఇంటర్వ్యూ వచ్చింది. అదే రోజు మా పెదనాన్న కూతురి పెళ్లి. ఎలాగూ రాదులే అని నేను పెళ్లికి పోయాను. ఎలాగూ రాదులే అని అనుకుంటూనే అది ఇంటర్వ్యూకి పోయింది. నేను పంక్తిలో కూర్చుని జాంగ్రీ మారు వేయించుకున్నాను. దానికి సీటు వచ్చింది. ఇప్పుడది సముద్ర తీరాల మొక్కల మీద పనిచేసే పెద్ద సైంటిస్టు. ఈ కథలో అది నాకు చేసిన అన్యాయం ఏమీ లేదని మొదటే చెబుతున్నాను. ఉంటే నాకు ఎంత సుఖంగా ఉండేదో.

అక్టోబరులో ఓ మధ్యాహ్నం స్టాఫ్‌రూములో క్యారేజీ విప్పుతుంటే ఫోన్ చేసింది.

"ఏమే, తింటన్నావా?"

"తింటన్నా. చెప్పు."

"దీవికి పోతన్నామే. అండమాన్ వైపు. మనిషనేవాడు లేని దీవి. అక్కడ ఒడ్డున ఏమేం మొక్కలున్నాయో అన్నీ రాసుకు రావాలి. జనవరి ఆఖర్లో పోతే నలభై రోజులు అక్కడే మకాం."

నీళ్లు తాగి, "మంచిదే" అన్నాను. ఆ మాట నాకే చప్పగా వినబడింది.

అది గబగబా చెప్పుకుపోయింది. ఆ దీవిలో తాగే నీళ్లు లేవు. కొట్టు లేదు, కరెంటు లేదు. పడవ ఒకసారి దింపి పోతే మళ్లీ వచ్చేది నలభై రోజులకే. అనుమతి ఎనిమిది మందికి. ఏడుగురు సైంటిస్టులు. ఎనిమిదో చోటు వంట, నీళ్లు, సరుకులు, క్యాంపు మొత్తం చూసుకునే మనిషికి.

"మా ఇన్‌స్టిట్యూట్‌లో సముద్రం గురించి అందరికీ తెలుసే. అన్నం గురించే ఎవరికీ తెలీదు. మీ అమ్మ క్వారీలో మెస్ నడిపింది గదా, ఆ లెక్కలన్నీ నీకు నోటికొచ్చు. ఏమేం కావాలో, ఎట్టా సర్దాలో నువ్వే చెప్పాలి. నువ్వు లేకపోతే మేం అక్కడ పీతలు ఏరుకు తినాల్సిందే."

ఎనిమిదో మనిషి ఎవరని అడిగాను, గొంతు మామూలుగా పెట్టి. ఇంకా ఎవరూ దొరకలేదంది.

ఆ క్షణంలోనే ఆ ఎనిమిదో చోటు నాదని నా మనసులో రాసేసుకున్నాను. అది నన్ను అడుగుతుంది, కాసేపు బెట్టు చేసి ఒప్పుకుంటాను. అంతే. అడక్కుండా ఎక్కడికి పోతుంది? మొక్కల పేర్లూ తెలిసి, నలభై రోజుల వంట లెక్కలూ తెలిసిన మనిషి ఈ దేశంలో దానికి ఇంకొకరు దొరకాలి కదా.

ఆ లెక్కలు నిజంగానే మా అమ్మవి. అమ్మ దాచేపల్లి దగ్గర నాపరాళ్ల క్వారీలో పద్దెనిమిదేళ్లు మెస్ నడిపింది. నలభై మందికి రెండు పూటలా వండేది. చుట్టూ రాయి తప్ప ఏమీ ఉండేది కాదు. నీళ్ల ట్యాంకరు మూడు రోజులకోసారి రావాలి, నాలుగో రోజుకి వస్తే అదృష్టం. అమ్మ బియ్యం తప్ప మిగతా సరుకుల్ని బస్తాల్లో, డబ్బాల్లో ఉంచేది కాదు. నెల మొదట్లోనే కూర్చుని ఒక్కో రోజుకి కావలసిన పప్పు, చింతపండు, కారం, ఉప్పు, పోపుగింజలు అన్నీ కలిపి ఒక్కో గుడ్డలో మూట కట్టేది. ముప్పై రోజులకు ముప్పై మూటలు. వాటిని రోజుమూటలు అనేవాళ్లం. పొద్దున్నే ఒక మూట విప్పాలి, రేపటిది ముట్టుకోకూడదు. అమ్మకు జ్వరం వచ్చి పడుకున్నా ఎవరో ఒకరు మూట విప్పి వండేసేవాళ్లు. ఇంకా ఎన్ని రోజులు తినొచ్చో మూటల్ని చూస్తే తెలిసిపోయేది. క్వారీ మూతపడ్డాక అమ్మ కారంపూడి బస్టాండు దగ్గర చిన్న మెస్ పెట్టుకుంది. ఇప్పటికీ అక్కడే ఉంటుంది, నా దగ్గరికి రమ్మంటే రాదు.

దీవికి నేను నలభై మూటలు కాదు, నలభై ఐదు వేశాను. పడవ చెప్పిన రోజుకే వస్తుందని నమ్మడానికి నేనేమైనా ట్యాంకరు చూడని దాన్నా? ఈసారి మూటలో బియ్యం కూడా కలిపాను. నీళ్లకి పెద్ద డ్రమ్ములు, తాగే నీళ్ల డ్రమ్ములకు తెల్ల రంగు గీత, వంట నీళ్లకు ఎర్ర గీత. కడుక్కోవడానికి సముద్రం ఉంది కదా అని రాశాను. అది చూసి నా స్నేహితురాలు ఫోన్లో పడీపడీ నవ్వింది.

ఒక్కచోట మటుకు తప్పు చేశాను. గుడ్డ మూటలన్నాను. మా వైపు గాలికి మిరపకాయ కళ్లంలో గలగలమంటుంది, పప్పుకి తడి తగలడమంటే ఏంటో మాకు తెలియదు. "అక్కడ గాలే తడిగా ఉంటుందే, మూడో రోజుకి నీ కందిపప్పుకి బూజొస్తుంది" అంది. అప్పుడు ప్లాస్టిక్ కవరు, దాని మీద గుడ్డ, దాని మీద ఇంకో కవరు చుట్టి, ఓ మూటని పరీక్షకి మా స్నానాలగదిలో వేలాడదీశాను. వారం రోజులు వేడినీళ్ల ఆవిరి పట్టించాను.

"స్నానాలగదిలో కందిపప్పు ఏందే?" అని మా ఆయన తువ్వాలు కట్టుకుని బయటికొచ్చి అడిగాడు.

"దీవి."

"దీవికి పోయేది నువ్వా?"

"నేనెందుకు పోతాను?" అన్నాను విసురుగా. ఆయన ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో పనిచేస్తాడు. సామాను చెన్నై ఓడరేవుకి చేర్చే లారీ ఆయనే మాట్లాడిపెట్టాడు.

వారం తర్వాత విప్పితే పప్పు పొడిగా ఉంది. ఎంత సంబరపడ్డానో! ఫోటో తీసి పంపాను. పది రోజుల తర్వాత నా స్నేహితురాలి వాట్సాప్ స్టేటస్‌లో అదే ఫోటో కనిపించింది. పెద్ద హాలు, తెర మీద నా మూట, పక్కన అది నిలబడి చెబుతోంది. ఎదురుగా కోట్లు వేసుకున్నవాళ్లు. కింద 'రోజుకో మూట, మా క్యాంపు పద్ధతి' అని రాసింది. మా పద్ధతి అంట! మా అమ్మ రాళ్ల మీద కూర్చుని కట్టిన మూట అది. నా స్నానాలగది పంపు కూడా ఓ మూల కనబడుతోంది ఆ ఫోటోలో. సాయంత్రం అదే ఫోన్ చేసి, "మా డైరెక్టరు తెగ మెచ్చుకున్నాడే, మా ఫ్రెండుది, వాళ్లమ్మది అని చెప్పా" అంది. చెప్పే ఉంటుంది, అబద్ధాలు ఆడదు. అయినా నాకు ఆ రాత్రి అన్నం సయించలేదు.

నవంబరు చివర్లో ఓ రోజు మాటల మధ్యలో అంది.

"ఎనిమిదో మనిషి ఎవరూ దొరకట్లేదే. నువ్వూ రాకూడదూ?"

నా గుండె ఒక్కసారి ఎగిరింది. కానీ అది అంటున్నప్పుడే పక్కన ఎవరితోనో "ఆ ఫైల్ అక్కడ పెట్టు" అని కూడా అంది. అదీ నాకు మండింది. నలభై రోజుల ప్రయాణానికి పిలిచే పద్ధతా ఇది? ఫైలుకి, నాకు తేడా లేదా?

"నాకేం పనీపాటా లేదనుకున్నావా?" అన్నాను.

ఇక్కడ మా సంగతి చెప్పాలి. మా వైపు పేరంటానికైనా పెళ్లికైనా ఇంటికొచ్చి, బొట్టు పెట్టి, 'తప్పకుండా రావాలి' అని రెండుసార్లు అనాలి. మొదటిసారి పిలిస్తే 'అబ్బే, కుదరదేమో' అనాలి. రెండోసారికి 'చూస్తాంలే' అనాలి. మూడోసారి చీర మార్చుకోవాలి. నా స్నేహితురాలు కూడా ఇక్కడే పుట్టింది కదా, ఇంకోసారి అంటుందని ఫోన్ చెవికి పెట్టుకుని ఎదురుచూశాను.

"నిజమేలే, కాలేజీ ఉంటుంది నీకు" అని అది నీళ్ల డ్రమ్ముల సంగతిలోకి వెళ్లిపోయింది.

మళ్లీ అడుగుతుంది, అప్లికేషన్ పంపేలోపు ఇక్కడికొచ్చి అడుగుతుంది అనుకున్నాను. రోజూ అనుకున్నాను. నోరు తెరిచి "నేనొస్తానే" అని రెండు ముక్కలు అనడానికి మాత్రం నాకు నోరు రాలేదు. చచ్చినా అనను, అదే అడగాలి. రికార్డు బొమ్మలు అది నన్ను అడిగి తీసుకుంది గానీ నేను దాన్ని అడిగి ఏం తీసుకున్నాను?

డిసెంబరంతా సర్దడమే. సొంత సామాను ఒక్కొక్కరికి ఒక్కో చిన్న నీలం డ్రమ్ములో పెట్టాలని నేనే పెట్టిన పద్ధతి. దుప్పటి, దోమతెర, టార్చి, రెయిన్‌కోటు, కంచం, గ్లాసు, మందమైన అడుగున్న రబ్బరు బూట్లు. ఒడ్డంతా చచ్చిన పగడాల ముక్కలట, గాజుపెంకుల్లా కోస్తాయట. "బూట్లు లేకపోతే అక్కడ ఒక్క అడుగు వెయ్యలేం" అని మరీమరీ చెప్పింది. ఏడుగురి కాళ్ల సైజులు పంపింది.

"ఎనిమిదోది?"

"ఎవరో ఇంకా తేలలేదు. నువ్వే సుమారుగా వేసెయ్."

బస్టాండు దగ్గర షాపులో ఎనిమిదో జత బూట్లు నేను వేసుకుని చూసి కొన్నాను. అయిదో నంబరు. షాపులో అటూ ఇటూ నడిచి కూడా చూశాను. మడమ దగ్గర కాస్త రాసుకుంటే ఇంకో జత తెప్పించాను. ఇంటికొచ్చి ఎనిమిదో డ్రమ్ములో వాటిని పెట్టి, వాటి పక్కన నా భూతద్దం, మొక్కల్ని అదిమి ఆరబెట్టే నా చెక్కల ప్రెస్సు, పాత పేపర్ల కట్ట పెట్టాను. వంట చూసుకునే మనిషికి మొక్కల ప్రెస్సు దేనికి? కంచం కూడా కొత్తది పెట్టలేదు. మా పెళ్లికి వచ్చిన స్టీలు కంచం, దాని అంచున నా పేరు చెక్కి ఉంటుంది, అది పెట్టాను. మూత వేసి, ఇనప రింగు బిగించి, పైన టేపు చుట్టి, ఎనిమిది అంకె రాశాను.

జనవరిలో ఓ బుధవారం లారీ వచ్చి డ్రమ్ములన్నీ ఎక్కించుకుపోయింది. శుక్రవారం నా స్నేహితురాలు ఫోన్ చేసింది.

"ఆదివారం కారంపూడి రావే. మీ అమ్మ మెస్సులో ఉంటా. ఎనిమిదో మనిషి సంగతి నీతో ఎదురుగా మాట్లాడాలి."

ఎదురుగా! చూశారా? ఫోన్లో కాదు. వచ్చి, కూర్చుని, అమ్మ ముందర అడుగుతుందన్నమాట. శనివారం నలభై ఐదు రోజుల సెలవు చీటీ రాసి, సంతకం పెట్టి, మడిచి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నాను. ఆదివారం పొద్దున్నే మంచి చీర కట్టుకుని కారంపూడి బస్సెక్కాను. దారి పొడుగునా ఎంత బెట్టు చెయ్యాలో ఆలోచించుకున్నాను. ఒక్కసారి కాదంటే చాలు, రెండోసారి అనకూడదు, దానికి ఓపిక తక్కువ.

వెళ్లేసరికి నా స్నేహితురాలు బల్ల దగ్గర కూర్చుని పెసరట్టు తింటోంది. అమ్మ పక్కన నిలబడి అల్లం పచ్చడి వేస్తోంది. గోడవార ఒక కొత్త బ్యాగు ఉంది.

"రా రా" అంది నా స్నేహితురాలు. "నీకు చెప్పకుండా ఇంత పని చేసినందుకు తిట్టుకోమాక. ఎనిమిదో మనిషి దొరికింది. పిన్ని వస్తోంది."

నాకు అర్థం కాలేదు. "ఏ పిన్ని?" అన్నాను.

"నేనేనే, ఇంకెవరు?" అంది అమ్మ.

నేను నిలబడే ఉన్నాను. నా స్నేహితురాలు చెబుతూ పోయింది. నేను రానన్నాక, క్వారీ మెస్సుల్లో పనిచేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అమ్మకు ఫోన్ చేసిందట. ఎవరో ఎందుకు, నేనే వస్తా అందట అమ్మ. గురజాల ఆసుపత్రిలో డాక్టరు చూసి అన్నీ బాగున్నాయని కాగితం ఇచ్చాడట. అప్లికేషన్ పోయిందట. అనుమతి శుక్రవారమే వచ్చిందట. అది వచ్చేదాకా ఏదీ తేలినట్టు కాదని, అప్పటిదాకా నాకు చెప్పొద్దని అమ్మే అందట.

"అమ్మా, యాభై ఎనిమిదేళ్లు నీకు" అన్నాను.

"అయితే? రాళ్లల్లో వండినదాన్ని, ఇసకలో వండలేనా? ఆ అమ్మాయి అడిగింది, వస్తానన్నా."

"ఫోన్లో అడిగితే పోతావా?"

"మరి ఎట్టా అడగాలంటా? బొట్టు పెట్టి పిలవాలా ఏంది?"

నా స్నేహితురాలు నవ్వింది. అమ్మా నవ్వింది. నేను హ్యాండ్‌బ్యాగు ఒళ్లో గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. "నిన్నే ముందు అడిగా గదే, నీకు పనుందన్నావు. నాలుగు రోజులు ఆగా, మనసు మార్చుకుంటావేమోనని" అంది నా స్నేహితురాలు. నాలుగు రోజులు! ఆ నాలుగు రోజులూ నేను దాని ఫోన్ కోసం కాచుకుని ఉన్నాను, అది నా ఫోన్ కోసం కాచుకుని ఉంది.

అమ్మ పెసరట్టు తెచ్చి నా ముందు పెట్టింది.

"నువ్వే గదా డ్రమ్ములు సర్దింది. నాకేం పెట్టావే? బూట్లు కూడా పెట్టావంటగా. సైజు అడగనేలేదు?"

అమ్మ పాదం వైపు చూశాను. వెడల్పు పాదం, క్వారీలో రాళ్ల మీద తిరిగి వేళ్లు విచ్చుకున్న పాదం. ఏడో నంబరు కూడా కష్టమే. ఒక్క మాట చాలు. 'అవి నీకు పట్టవమ్మా, ఓడ ఎక్కేముందు చెన్నైలో ఒక జత కొనుక్కో' అంటే అయిపోయేది. కానీ ఎందుకు పట్టవని అడుగుతారు. అయిదో నంబరు ఎవరి కోసం కొన్నావని అడుగుతారు. అప్పుడు బూట్లు, ప్రెస్సు, పేరున్న కంచం, బ్యాగులో సెలవు చీటీ, అన్నీ బయటికొస్తాయి. వీళ్లిద్దరూ నా వంక జాలిగా చూస్తారు. అమ్మ కాళ్లు కోసుకుపోయినా సరే గానీ ఆ చూపు నేను పడలేననిపించింది. అవును, ఆ మాటే నా మనసులోకి వచ్చింది.

"సుమారుగా వేశాలే. సరిపోతాయి" అన్నాను.

ఇంకా పదకొండు రోజులు టైముంది. రోజూ ఫోన్ చేసింది అమ్మ. ఉప్పు ఏ డ్రమ్ములో, అగ్గిపెట్టెలు ఎక్కడ అని అడిగేది. రోజూ చెప్పాలనుకున్నాను, రోజూ ఉప్పు గురించే చెప్పాను. ఓడ ఎక్కుతూ రేవు నుంచి వీడియో కాల్ చేసింది. వెనకాల ఓడ, అమ్మ మొహంలో పెళ్లికూతురి కళ. "ఎంత పెద్దదోనే!" అని అరుస్తోంది. సముద్రం చూపిస్తానని ఫోన్ తిప్పింది. నేను సిగ్నల్ లేదని కట్ చేశాను.

ఆ తర్వాత నేను ఎలా ఉన్నానో మా ఆయన్ని అడగాలి. స్టాఫ్‌రూములో "మీ అమ్మగారు దీవికెళ్లారటగా" అని ఎవరన్నా అంటే అటెండెన్స్ రిజిస్టరు తీసుకుని బయటికి పోయేదాన్ని. క్లాసులో మడ చెట్ల పాఠం వచ్చింది. సీసా ఎత్తి చూపించి, "ఇదే" అన్నాను. చేతులు ఊపలేదు. పొద్దున్నే కాఫీ తాగుతూ, ఈపాటికి పదమూడో మూట విప్పి ఉంటుంది అనుకునేదాన్ని. కన్నతల్లి మీద ఎవరైనా అసూయపడతారా? నేను పడ్డాను. రోజుమూటల లెక్కన పడ్డాను.

వాళ్ల దగ్గర శాటిలైట్ ఫోన్ ఒకటి ఉంది. దాన్నుంచి వారానికోసారి నాలుగు ముక్కలు వచ్చేవి. నా స్నేహితురాలి ఆఫీసువాళ్లు వాటిని మాకు పంపేవాళ్లు. మొదటి వారం అందరూ క్షేమం అని వచ్చింది. రెండో వారం అమ్మ చెప్పి రాయించింది వచ్చింది.

"బాగున్నా. మూటలు తడవలేదు. బూట్లు ఇరుకు. కంచం మీద నీ పేరుంది."

అంతే. తిట్టలేదు, అడగలేదు. దాన్ని ఎన్నిసార్లు చదివానో లెక్క లేదు. ఇక్కడి నుంచి ఒక జత బూట్లు పంపే దారి లేదు. పడవ పోదు, మనిషి పోడు. మధ్యలో ఏదీ అందదని లెక్కేసి ఆ సామాను పద్ధతంతా నేనే రాశాను కదా. మా ఆయనకు మెసేజ్ చూపించాను. చదివి, నా వంక చూసి, "చెప్పుండాల్సిందే" అన్నాడు. ఆయనకు ఎప్పుడు అర్థమైందో నాకు తెలియదు. స్నానాలగదిలో పప్పు వేలాడిన రోజే అయ్యుంటుంది.

నలభై మూడో రోజు పడవ వాళ్లని తెచ్చింది. ఎక్కువ కట్టిన మూటల్లో మూడు పనికొచ్చాయి. మార్చిలో ఓ మధ్యాహ్నం నా స్నేహితురాలు కారులో అమ్మను నరసరావుపేట తీసుకొచ్చి మా ఇంటి దగ్గర దింపి, గుంటూరులో రైలుందని నిలబడ్డపాటునే వెళ్లిపోయింది. అమ్మ నల్లబడింది, చిక్కింది, కళ్లు మటుకు మెరుస్తున్నాయి. కాస్త కుంటుతోంది. చేతిలో కవరు తీసి నా ముందు పెట్టింది. అయిదో నంబరు బూట్లు. వేళ్ల దగ్గర పైభాగం మొత్తం కూరగాయల చాకుతో కోసేసి ఉంది.

"కోశానే, ఏమనుకోమాక. వేళ్లు బయటుంటేనే గానీ పట్టలేదు."

వేడినీళ్లు పెట్టి, టబ్బు తెచ్చి, అమ్మ కాళ్లు అందులో పెట్టించాను. వేళ్ల నిండా కోతలు. కొన్ని మానాయి, కొన్ని ఇంకా పచ్చిగా ఉన్నాయి.

"ఆ ఆదివారం నేనడిగినప్పుడే నీకు తెలుసా?" అంది అమ్మ.

"తెలుసు."

"చెప్తే చెన్నైలో నా సైజువి కొనుక్కునేదాన్ని గదే."

"చెప్పలేకపోయా."

"వస్తానన్న మాటా చెప్పలేకపోయావు. నువ్వు ఆ మాటంటే నేను పొయ్యేదాన్నా, పిచ్చిమొహమా? నా కూతురి చోటు నాకెందుకు?"

నేను తల వంచుకుని తువ్వాలుతో తుడుస్తున్నాను. కాసేపటికి అమ్మ గొంతు మారింది. ఇక ఉండబట్టలేక మొదలుపెట్టింది.

"నువ్వు సీసాలో పెట్టి చూపిస్తావు చూడు, చెట్టుకుండగానే మొలకొచ్చేది? అయ్యి అక్కడ వందలున్నాయే. ఓ రోజు అంట్లు తోమతా ఉంటే నా కళ్ల ముందే ఒకటి టప్పున ఊడి, బురదలో నిటారుగా నిలబడింది. మళ్లా కదల్లా. వంట మానేసి చూస్తా కూర్చున్నా. నీ పేరే తలుచుకున్నా."

మందు మూత తీసి ఒక్కో వేలికీ రాస్తున్నాను. అమ్మ నొప్పికి కాలు లాక్కుంటూనే ఆ మొలక ఎంత పొడుగుందో చేత్తో చూపిస్తోంది. తప్పు చేశానన్న బాధ నాకు లేదని కాదు. ఉంది, చాలా ఉంది. కానీ ఆ పాదాన్ని ఒళ్లో పెట్టుకుని కూడా నాకు కుళ్లే వచ్చింది. ఆ కోతలు నా కాళ్లకు పడాల్సినవి.